ఆసు తిమ్మిరి

దిల్‌సుఖ్‌నగర్,
జూలై, బోనాల ఆదివారం

ప్రసన్న వదినకు,

ఎల్బీనగర్‌కు ఉత్తరమా అని పోస్టాఫీసులో కవరు ఇచ్చిన అమ్మాయి నా ముఖంలోకి చూసింది. "మెట్రో ఎక్కితే కవరు కన్న మీరే ముందు పోతరు మేడం" అంది. నిజమే, మన రెండిళ్ల మధ్య ఉన్నది మూడు స్టేషన్లే. కానీ నువ్వన్న మాట ఆమెకు ఎలా చెప్పను? ఫిబ్రవరిలో అన్న పోయాక నేను ఫోన్ చేశాను. నువ్వు అన్నావు: "నువ్వు 'ఆఁ, చెప్పు' అంటే అచ్చం మీ అన్న అన్నట్టే ఉంటది అంబికా. నాకు పానం ఆగదు. ఏమన్న ఉంటే కాగితం మీద రాయి."

అప్పటినుంచి ఫోన్ చేయలేదు. రాయనూ లేదు. బాగున్నారా అన్న మాట కోసం ఉత్తరం ఎందుకనిపించింది. ఇప్పుడు రాయాల్సింది ఒకటి ఉంది. రాయడం మంచిదో కాదో మాత్రం ఇంకా తేలలేదు. కింద రోడ్డు మీద పోతురాజు డప్పులు వెళ్తున్నాయి, ఆ చప్పుడులో నా సందేహం నాకే సరిగా వినబడటం లేదు కాబట్టి రాసేస్తున్నాను.

అన్న గుండె ఎందుకు బిరుసెక్కిందో దవాఖానలో నీకు చెప్పారు కదా. మన రక్తంలో తిరిగే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ విడిపోయి గుండె గోడల్లో పేరుకుపోయింది, గంజి ఎక్కువైన నూలులాగా. ఇది రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ముసలితనం వల్ల. రెండోది వంశంలో. గుండె ముక్క తీసి పంపితే ల్యాబ్ వాళ్లు ప్రోటీన్‌లో మార్పు లేదని రాశారు. మార్పు లేదంటే వంశంలో లేదని అర్థం. అందుకే అప్పుడు ఎవరూ జన్యు పరీక్ష కూడా అడగలేదు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

కానీ ముసలితనం రకం డెబ్బై దాటిన వాళ్లకు వస్తుంది వదినా. అన్నకు యాభై ఒకటి. ఆ రిపోర్టును మొన్న మళ్లీ చదివాను. వాళ్లు చూసింది బరువు. ప్రోటీన్ ముక్కల బరువు మామూలుగానే ఉందని రాశారు. బరువు మారకుండా కూడా మార్పు ఉండొచ్చు. దాన్ని పట్టుకునే లేజర్ పరికరం తార్నాక వైపు మా ల్యాబ్‌లో ఈ మధ్యే పెట్టారు. అన్న గుండె ముక్క మైనంలో భద్రపరిచి ఆ దవాఖానలోనే ఉంది. దాంట్లోంచి ఒక సన్నని పొర కావాలి. దానికి నీ సంతకం కావాలి.

ఇది వర్ష కోసం, అన్న బిడ్డ కోసం అడుగుతున్నాను. వద్దనుకుంటే వద్దని రాయి, మళ్లీ అడగను.

నీ
అంబిక


ఎల్బీనగర్,
ఆగస్టు

అంబికకు,

నీ ఉత్తరం ఒచ్చింది. ముందుగాల నీ అక్షరాల సంగతి చెప్త. ఇరవై రెండేండ్ల సంది పిల్లలకు తెలుగు చెప్తున్న, గింత కుదురైన చేతిరాత నేను చూడలె. మా మూడో తరగతి పిల్లలకు చూపిద్దామనుకొని బడికి పట్టుకపోయిన. స్టాఫ్ రూముల కూసొని చదివిన. చదివినంక మడిచి సంచిల పెట్టుకొని ఆ రోజు పిల్లలకు కాపీ రాయమని చెప్పి ఊకున్న.

ఆయన గుండె ముక్క ఇంకా ఉన్నదని నాకు ఎవ్వరు చెప్పలె. మొత్తం కాలిపోయింది అనుకున్న. నువ్వు ఏదో కొట్టుగదిల సామాన్లాగ మైనంల ఉన్నదని రాసినవ్. ఆ మాట దగ్గరే నాకు రెండు రోజులు పోయినయి. బతికున్నన్ని రోజులు సూదులు, పైపులు. ఇప్పుడు మిగిలిన గింత దాన్ని గూడ ముక్కలు చేస్తవా? నీకు చదువు ఉన్నది, నాకు కోపం ఉన్నది. ఏది గెలుస్తదో నాకు తెల్వదు.

వర్ష కోసం అన్నవ్. దానికి ఇరవై ఏండ్లు. పొద్దుగాల లేచి డిగ్రీ కాలేజీకి, అటునుంచి మీ దిల్‌సుఖ్‌నగర్‌ల బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పోతది. ఒచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తెచ్చి, నాకు రెండు ఇచ్చి మిగతయి అదే తింటది. గా పిల్లను కూసోబెట్టి ఏం చెప్పాలె? మీ నాయినకు ఒచ్చింది నీకు గూడ ఉన్నదేమో అని చెప్పాలెనా? నేనైతే చెప్పలేను.

ఆయన ఆఖరి ఏడాది దుకాణంల చీర మడత పెట్టలేకపోయేటోడు. కొస పట్టుకుంటే జారిపోయేది. ఆడోళ్ల ముంగట నవ్వి, "గిది ఆసు తిమ్మిరి అక్కా, చిన్నప్పుడు మగ్గం నూలు ఆసు పోసిన చేతులు, ఇప్పుడు కిరాయి అడుగుతున్నయి" అనేటోడు. వాళ్లు గూడ నవ్వి ఇంకో చీర చూపియ్యమనేటోళ్లు. పోచంపల్లిల మామయ్యకు గూడ గదే తిమ్మిరి. బువ్వ ముద్ద నోటిదాంక పోయేలోపల జారేది. నేను పెండ్లై ఒచ్చిన కొత్తల ఆసు పోసేటోళ్ల ఇంట్ల గిది మామూలే అని అత్తమ్మ చెప్పింది.

ఏమో, ఎందుకు రాస్తున్ననో గివన్ని. సంతకం సంగతి నన్ను తొందరపెట్టకు.

వదిన


దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబరు

వదినా,

తొందరపెట్టడం లేదు. ముక్కలు అన్న మాటకు మాత్రం జవాబు ఇవ్వాలి, ఎందుకంటే నా ఉద్యోగం అదే. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది ముక్కలు చేయడమే. ఇంట్లో ఎవరూ ఇంతవరకు అది నా ముఖం మీద అనలేదు, నువ్వే అన్నావు. నాకు నొప్పి కలగలేదని అబద్ధం చెప్పను.

ప్రోటీన్ ఒక పొడుగాటి పూసల గొలుసు. దాన్ని చిన్న తునకలుగా కత్తిరిస్తే వాటిని పెప్టైడ్లు అంటాం. పెప్టైడ్‌ను గాలి లేని గొట్టంలో ఎగరేసి బరువు చూస్తాం. ఏ పూస తర్వాత ఏ పూస ఉందో తెలియాలంటే దాన్ని మళ్లీ విరగ్గొట్టాలి. మామూలుగా వాయువుకు ఢీకొట్టి విరగ్గొడతారు. ఢీకొన్న కొద్దీ అది లోపల వేడెక్కుతుంది, వేడెక్కి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విడిపోతుంది. ఆ ల్యాబ్‌లో చేసింది ఇదే. తప్పు చేశారని అనను, వాళ్ల పరికరం అంతవరకే చెబుతుంది.

చిక్కంతా ల్యూసిన్, ఐసోల్యూసిన్ అని రెండు పూసల దగ్గర. రెండింటి బరువూ ఒకటే. ఒకే నూలు, ఒకే రంగు, ఒకే తూకం ఉన్న రెండు చీరలు అనుకో. ఒకదాంట్లో రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టేటప్పుడు ముడి కాస్త పక్కకు పడింది. తక్కెడలో పెడితే తేడా ఏం తెలుస్తుంది? ఈ పూసలకు పక్కన చిన్న కొమ్మ ఉంటుంది. ల్యూసిన్‌లో ఆ కొమ్మ చివర చీలుతుంది, ఐసోల్యూసిన్‌లో మొదట్లోనే చీలుతుంది. అంతే తేడా.

లేజర్ ఏం చేస్తుందంటే, కంటికి కనబడని కాంతిని ఒక్క త్రుటి దాని మీద వేస్తుంది. మెల్లగా వేడెక్కే వ్యవధి ఇవ్వదు. గట్టిగా ఉన్న చోట కూడా విరుగుతుంది, ఆ కొమ్మలు సైతం తెగుతాయి. ఒక కొమ్మ నుంచి తెగిన తుంట బరువు, ఇంకో కొమ్మ నుంచి తెగిన తుంట బరువు వేరు. అప్పుడు గానీ ఉన్నది ఏ పూసో తెలియదు.

అన్న కూడా మెల్లగా వేడెక్కుతూ పోయాడనిపిస్తుంది నాకు. ముందు చేతులు, తర్వాత నడక, తర్వాత ఊపిరి. బలహీనంగా ఉన్నవి ఒక్కొక్కటే విడిపోతుంటే మనం పక్కన కూర్చుని చూశాం. ఇలా పోల్చడం సరైనదో కాదో. పోల్చకుండా ఉండలేకపోతున్నాను.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆసు తిమ్మిరి. చిన్నప్పటినుంచి వింటున్న మాటే. అర్ధచంద్రం లాంటి చట్రం మీద మేకుల చుట్టూ నూలు పోగు వేసుకుంటూ రోజంతా చెయ్యి అటూ ఇటూ ఆడించిన వాళ్లకు తిమ్మిరి రాకపోతేనే వింత. అన్న మణికట్లకు ఎనిమిదేళ్ల కింద ఆపరేషన్ చేసిన డాక్టర్ కూడా నేత కుటుంబమని వినగానే తలూపేశాడు. కానీ ఈ జబ్బు వంశంలో ఉన్న వాళ్లలో చాలామందికి మొదట తిమ్మిరెక్కేది చేతులే. గుండె సంగతి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. నాయినకు చేతులు, తర్వాత ఆయాసం. అన్నకు చేతులు, తర్వాత గుండె. మన ఇంట్లో దానికి ముందే ఒక పేరు పెట్టేసుకున్నాం. పేరు ఉంది కాబట్టి ఇదేమిటని ఎవరూ అడగలేదు. పరికరాల మధ్య బతికే నేనూ అడగలేదు.

అంబిక


ఎల్బీనగర్,
అక్టోబరు, సద్దుల బతుకమ్మ తెల్లారి

అంబికకు,

సంతకం పెట్టిన కాగితం ఇందులనే ఉన్నది. కోపం పోయి పెట్టలె. నువ్వు రాసిన గా చీరల సంగతి చదివినంక పెట్టిన. మీ అన్న అయితే ఏ చీరల ముడి పక్కకు పడ్డదో చెయ్యి పెట్టి చెప్పేటోడు.

నిన్న వాకిట్ల బతుకమ్మ ఆడుతుంటే వర్ష చప్పట్లు కొట్టుడు చూసిన. చేతులు మంచిగనే ఉన్నయి. తాంబాళం పట్టుకున్నప్పుడు గూడ చూసిన. ఇంతకు ముందు పిల్లను చూస్తే పిల్ల కనబడేది. ఇప్పుడు చేతులు కనబడుతున్నయి. గిది నువ్వు పెట్టిన చూపు. నిన్ను తిడుతలేను, చెప్తున్న.

నీ అక్షరాలు రెండో పేజీల ఒరిగిపోయినయి. బస్సుల రాసినవా?

వదిన


దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబరు

వదినా,

అవును, బస్సులో రాశాను. తార్నాక వెళ్లే బస్సు సంగతి నీకు తెలుసు కదా, సీటు దొరకడమే ఎక్కువ.

మైనం పొర వచ్చింది. సొంత అన్న పరీక్ష నేను చేయకూడదు. చూడాలనుకున్నదే కనబడుతుంది, లేదంటే చూడకూడదనుకున్నది కనబడకుండా పోతుంది. అందుకని పేరు తీసేసి మా ఉదయలక్ష్మి మేడం చేతికి ఇచ్చాను. లేజర్ ఆవిడ చూస్తారు. గట్టి మనిషి, పరికరం మొరాయిస్తే దాన్ని కోడలిని తిట్టినట్టు తిడతారు.

మొదటిసారి కొలతలో మామూలు పూసే కనిపించింది. కానీ సంకేతం చాలా బలహీనంగా ఉందట. దానిమీద ఏ మాటా చెప్పలేనని, పోల్చి చూడటానికి రెండు రకాల పెప్టైడ్లనూ తయారు చేయించి మళ్లీ చేస్తానని అన్నారు. కాబట్టి సంతోషించకు. బాధ కూడా పడకు. ఇది చెప్పకుండా ఉండాల్సిందేమో.

కొత్తపేట రైతు బజార్‌లో చిక్కుడుకాయ బాగుంది. వర్షకు ఇష్టమని కొన్నాను. కోచింగ్ నుంచి వెళ్తూ ఇటు వచ్చి తీసుకుపొమ్మను.

అంబిక


ఎల్బీనగర్,
ఫిబ్రవరి

అంబికకు,

సంవత్సరీకం అయిపోయింది. ఒచ్చినోళ్లందరు పోయినరు. ఇల్లు కడిగిన. ఇప్పుడు నిన్ను ఒక మాట అడగాలె. ఆ రోజు అందరి ముంగట అడగలేకపోయిన.

నువ్వు రాసినయి అన్ని మళ్ల మళ్ల చదివిన. సగం అర్థమైంది. అర్థమైన సగంల నాకు ఒక పరేషాన్ ఒచ్చింది. వంశంల ఉన్నదా లేదా అని తెల్వడానికి ఒక్క రక్త పరీక్ష చాలంట కదా. మా బడిల సైన్స్ సార్‌ను అడిగితే చెప్పిండు. మరి బతికున్నోళ్ల రక్తం ఉండంగ, పోయినాయన ముక్క మీద గిన్ని నెలలు ఎందుకు? ఆయన తోడబుట్టినదానివి నువ్వు. నీ రక్తం ఇస్తే తెలుస్తుండె. వర్షను ముట్టుకునే పనే లేకుండె. ఇంత చదివిన నీకు గిది తట్టలేదంటే నేను నమ్మ.

ఆ రోజు విస్తరి ముంగట నువ్వు మంచినీళ్ల గ్లాసు జారవిడిచినవ్. వర్ష తుడిచింది. నువ్వు నవ్వినవ్. "చెయ్యి జారింది" అన్నవ్. ఆ నవ్వు నాకు తెలుసు అంబికా. చీర జారినప్పుడు ఆయన నవ్విన నవ్వే. తర్వాత నువ్వు చారు ఎడమ చేత్తోని పోసుకున్నవ్.

ఆ పూటనే ఇంటికి ఒచ్చినంక నీ ఉత్తరాలు అన్ని ఒక్క దగ్గర పెట్టి చూసిన. బోనాలప్పుడు రాసినయి ముత్యాలే. సెప్టెంబరుల రెండో పేజీ నుంచి ఒరిగినయి. డిసెంబరుల వట్రసుడులు లేవు, కొమ్ములు సగంల ఆగిపోయినయి. చేతిరాత దిద్దే పని నాది. బస్సుల రాసిన రాత ఎట్లుంటదో నాకు తెలుసు. గిది గది కాదు.

ఇంట్ల అందరు ఆసు పోసినరు. మామయ్య, అత్తమ్మ, మీ అన్న. నేను గూడ మూడేండ్లు పోసిన. నువ్వు ఒక్కదానివే పొయ్యలె. సదువుకునే పిల్ల అని అత్తమ్మ నిన్ను ఆ చట్రం దగ్గరకే రానియ్యలె. ఎన్నోసార్లు నాకు కడుపుల మండేది, ఇప్పుడు చెప్తున్న.

నువ్వు ఎన్నడు ఆసు పొయ్యలె కదా అంబికా. మరి నీకెందుకు ఒచ్చింది తిమ్మిరి?

వదిన


దిల్‌సుఖ్‌నగర్,
మార్చి

వదినా,

ఈ ఉత్తరం టైపు చేసి ప్రింటు తీశాను. కారణం నీకు తెలుసు.

ముందు అన్న సంగతి. ఉదయలక్ష్మి మేడం మళ్లీ చేశారు, పోలిక పెప్టైడ్లు పక్కన పెట్టుకుని. గొలుసులో ఐసోల్యూసిన్ ఉండాల్సిన ఒక చోట రెండు రకాల తుంటలూ కనిపించాయి. అంటే కొంత ప్రోటీన్‌లో ఉండాల్సిందే ఉంది, కొంతలో దాని స్థానంలో ల్యూసిన్ కూర్చుంది. అమ్మ ఇచ్చింది మామూలుది. నాయిన ఇచ్చింది మారినది. బరువు మాత్రం కాస్తయినా మారలేదు. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, స్క్రీన్ నా వైపు తిప్పి, ఎవరిదో పసిగట్టారేమో, మంచినీళ్లు తెస్తానని బయటికి వెళ్లారు. అప్పుడు నేను మొట్టమొదట అనుకున్నది అన్న గురించి కాదు. సిగ్గుగా ఉంది, కానీ కాదు.

నువ్వు అడిగినదానికి జవాబు. తట్టింది. మొదటి రోజే తట్టింది. నీకు బోనాలప్పుడు ఉత్తరం రాసేనాటికే ఉదయం లేవగానే కుడిచేతి వేళ్లు మొద్దుబారి ఉండేవి. మౌస్ ఎక్కువ వాడటం వల్ల అనుకున్నాను. చూశావా, నేనూ దానికి ఒక పేరు పెట్టుకున్నాను. నా రక్తం ఇస్తే వచ్చే జవాబు నాది అవుతుంది. అన్న ముక్కలోంచి వస్తే అది అన్నది. నాకూ ఆ జవాబుకూ మధ్య ఒక లేజర్, ఒక మేడం, ఇన్ని నెలలు. వర్ష కోసం అని రాశాను. అది అబద్ధం కాదు. అదొక్కటే నిజమూ కాదు. ఏది ఎంతో నాకు విడదీయడం రావడం లేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు వెళ్లి రక్తం ఇచ్చాను. నిన్న వచ్చింది. నాకూ అదే ఉంది.

గుండె ఇంకా బాగానే ఉందంటున్నారు. ప్రోటీన్ విడిపోకుండా పట్టి ఉంచే మాత్రలు ఉన్నాయి. ముందుగా మొదలుపెడితే మేలు. అన్నకు తెలిసేసరికి ఆలస్యమైంది, నాకు కాలేదు. ఈ వాక్యం రాసి చెరిపేసి మళ్లీ రాశాను.

వర్షకు ఉండటానికీ లేకపోవడానికీ సమానంగా అవకాశం ఉంది. ఉన్నా ఇప్పుడే ఏమీ కాదు, ఏళ్లు పడుతుంది. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది వర్షే నిర్ణయించుకోవాలి. కానీ అడిగే అవకాశం దానికి ఇవ్వాలి వదినా. నేను చెప్పనా, నువ్వు చెప్తావా? నేను చెబితే పాఠం చెప్పినట్టు ఉంటుందేమోనని భయం.

అంబిక


ఎల్బీనగర్,
ఏప్రిల్

అంబికకు,

చెప్పిన.

ఆదివారం పొద్దుగాల డాబా మీద మిరపకాయలు ఎండబోస్తుంటే చెప్పిన. నువ్వు రాసినట్టు పూసలు, కొమ్మలు చెప్పరాలేదు నాకు. మీ నాయిన చేతుల తిమ్మిరి ఆసుది కాదంట బిడ్డా, తాత నుంచి ఒచ్చిందంట, అత్తకు గూడ ఉన్నదంట, నీకు ఉండొచ్చు ఉండకపోవచ్చు అని చెప్పిన. అది మిరపకాయలు పరుచుడు ఆపలె. వరుస అయిపోయేదాంక పరిచింది. నేను గంప దాని దిక్కు జరిపిన.

తర్వాత అడిగింది: "అత్త ఒక్కతే ఉంటది కదమ్మా, జాకెట్ హుక్కులు ఎవరు పెడుతున్నరు?"

నేను గిన్ని ఉత్తరాలు రాసిన, గా మాట నాకు తట్టలె.

పరీక్షకు ఒస్త అని చెప్పలె, రాను అని చెప్పలె. బ్యాంకు పరీక్ష అయిపోనీ అన్నది. నిన్ను డాక్టర్ దగ్గరకు తోలుకపోయే రోజు తను గూడ ఒస్తనన్నది. రాత్రి బువ్వ తక్కువ తిన్నది. పొద్దుగాల మళ్ల మామూలుగ బస్సుకు ఉరికింది. నేను దాని చేతులు చూసుడు మానేయాలె అనుకుంటున్న. ఇంకా చేతనైతలేదు.

ఒక మాట. మైనంల ఆయనది ఇంకా ఏమన్న మిగిలి ఉంటే పారేయొద్దని చెప్పు. ఏం పనికి రాకపోయినా సరే, ఉండనీ. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఉన్నదంటే బాగున్నది.

నీ టైపు ఉత్తరం నాకు నచ్చలె. చదివినంత సేపు బ్యాంకు నుంచి ఒచ్చిన నోటీసులాగ ఉన్నది, దాంట్ల నువ్వు లేవు. ఒంగిపోయిన అక్షరాలల్ల ఉంటివి. కానీ గా చేతితోని నువ్వు రాయొద్దు. రాయమని నేను ఇంక అడగ.

ఒచ్చే సోమవారం బడికి సెలవు పెట్టిన, అప్పటికి ఈ ఉత్తరం నీకు అందుతది. వర్ష పోయినంక ఇంట్ల ఒక్కదాన్నే ఉంట. నేనే ఫోన్ చేస్త. నువ్వు ఎత్తి, ఎప్పట్లెక్కనే "ఆఁ, చెప్పు" అను. నేను జర సేపు మాట్లాడకపోవచ్చు. నువ్వు పెట్టెయ్యకు.

వదిన